రెండు వందల నలభై ఒకటో కుర్చీ

మూడో వరస పూర్తయ్యేసరికి వెర్డెల్ గెయిన్స్ కుడి మోకాలు మూలగడం మొదలుపెట్టింది. అతను దాన్ని పట్టించుకోలేదు. ముడులు వేసిన నూలు తాడుని నాలుగో వరస దగ్గరికి జరిపి, ఒక కొసని బూటు కింద తొక్కిపట్టి, రెండో కొసని గోడదాకా లాగాడు. ముడి ఉన్న చోటల్లా ఒక కుర్చీ. కుర్చీకీ కుర్చీకీ మధ్య నాలుగు వేళ్ళ ఎడం. లావుపాటివాళ్ళు ఒకరి మీద ఒకరు పడకుండా, బక్కవాళ్ళకి పక్కన ఎవరూ లేనట్టు అనిపించకుండా ఉండాలంటే నాలుగు వేళ్ళే సరైన కొలత అని అతని నమ్మకం. కొలిచే టేపు యూనివర్సిటీ వాళ్ళు ఎప్పుడో ఇచ్చారు. అది అల్మారాలో తుప్పు పడుతోంది.

మనిషి పొడుగు, సన్నం. అరవై ఆరేళ్ళు. చెవులు రెండూ తలనుంచి వేరుపడి బయటికి చూస్తుంటాయి. నీలం చొక్కా జేబు మీద అతని పేరు ఎర్ర దారంతో కుట్టి ఉంది. ఈ హార్లన్ స్టేట్ యూనివర్సిటీలో నలభై ఏడేళ్ళుగా అతని పని ఒకటే. ఎక్కడ సభ ఉంటే అక్కడ కుర్చీలు వెయ్యడం, సభ అయిపోయాక తియ్యడం. వేసిన కుర్చీలో కూర్చున్నది మాత్రం ఎన్నడూ లేదు. పెళ్ళివారికి పీటలు వేసేవాడు పీట మీద కూర్చోడు కదా. రేపటినుంచి ఆ పని కూడా ఉండదు. ఇవాళ ఆఖరు రోజు.

వెనకనుంచి రోచెల్ కుర్చీల బండి తోసుకుంటూ వచ్చింది. యాభై దాటిన మనిషి. పద్నాలుగేళ్ళుగా అతనితో కలిసి పనిచేస్తోంది. నోరు ఊరుకోదు.

"కాగితంలో రెండొందల నలభై అని ఉంది, మిస్టర్ వెర్డెల్."

"ఉంది."

"బండ్లమీద తెచ్చింది రెండొందల నలభై ఒకటి."

"లెక్కలు బాగానే వచ్చు నీకు."

"పద్నాలుగేళ్ళనుంచి అడుగుతున్నా. నూరంటే నూటొకటి, మూడొందలంటే మూడొందల ఒకటి. ఇవాళ కూడా చెప్పకపోతే రేపట్నుంచి నేనెవర్ని అడగాలి?"

"నా మోకాలినడుగు. దానికన్నీ తెలుసు."

ఆమె మూతి తిప్పుకుని బండిని అవతలి గోడకి తోసింది. ఆ అదనపు కుర్చీ గురించి పనివాళ్ళలో చాలా కథలున్నాయి. చనిపోయిన భార్య కోసమని ఒకరు, ఏసుప్రభువు కోసమని ఒకరు, సరి సంఖ్య అతనికి అచ్చిరాదని ఇంకొకరు చెప్పుకుంటారు. వెర్డెల్ ఏ కథనీ కాదనలేదు. కాదంటే అసలు కథ చెప్పాల్సి వస్తుంది.

ఇవాళ్టి సభ నల్లజాతి అధ్యయన శాఖకి యాభై ఏళ్ళు నిండిన పండగ. హాలు బయట పొడవాటి నడవా, నడవా చివర గుమ్మం దగ్గర పెద్ద ఫొటో ఒకటి నిలబెట్టారు. 1969 వసంతంలో తీసింది. పదకొండుమంది పడుచువాళ్ళు ఇదే నడవాలో నేల మీద బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు కదలకుండా కూర్చుని, మా తాతల చరిత్ర మాకు చెప్పే శాఖ కావాలని అడిగినవాళ్ళు. ఫొటో కింద పది పేర్లు. పదకొండో ఆమె అంచున ఉంది. తీసే క్షణంలో కాపలావాడి వైపు తల తిప్పింది కాబట్టి ముఖం పడలేదు. గుండ్రంగా దువ్విన జుట్టు, మెడ, ఒక చెవి మాత్రం పడ్డాయి. ఆ చెవి తలనుంచి వేరుపడి బయటికి చూస్తోంది. కింద 'పేరు తెలియని విద్యార్థిని' అని రాశారు.

వెర్డెల్ జేబుగుడ్డ తీసి ఆ అద్దాన్ని తుడిచాడు. ఇవాళ పొద్దుటినుంచి అది నాలుగోసారి.

ఆమె పేరు లవీనియా. అతని అక్క. అప్పటికి ఇరవై ఏళ్ళు. మూడు రోజుల తర్వాత యూనివర్సిటీ వాళ్ళు శాఖ పెడతామన్నారు, కానీ కూర్చున్నవాళ్ళు తప్పు చేశామని కాగితం రాసి సంతకం పెడితేనే మళ్ళీ చదువుకోనిస్తామన్నారు. పదిమంది పెట్టారు. లవీనియా పెట్టలేదు. "తప్పేంటో చూపించండి, అప్పుడు పెడతాను" అంది. పేరు కొట్టేశారు. ఆ శరదృతువులో కొత్త శాఖ మొదటి తరగతి ఈ హాల్లోనే జరిగింది. తను అడిగి తెచ్చుకున్న పాఠం ఒక్కటైనా విందామని లవీనియా ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, కొత్త నోటుపుస్తకం పట్టుకుని వచ్చింది. గుమ్మం దగ్గరున్న మనిషి ఆమె ముఖం కూడా చూడలేదు. అరచెయ్యి ఎత్తి అడ్డంపెట్టి, "నీ పేరు జాబితాలో లేదు" అన్నాడు. ఆ సంగతి ఇంట్లో ఒక్కసారే చెప్పింది. మళ్ళీ ఎత్తలేదు. ఈ నేల మీద మళ్ళీ కాలూ పెట్టలేదు.

మూడేళ్ళు తిరిగేసరికి తమ్ముడు ఇదే యూనివర్సిటీలో కుర్చీలు మోసే పనికి చేరాడు. తండ్రికి జబ్బు, ఇంకెక్కడా పని లేదు. లవీనియా రెండేళ్ళు అతనితో మాట్లాడలేదు. తల్లి పోయినప్పుడు చర్చిలో ముందు వరసలో తన పక్కన చోటు చూపించి "కూర్చో" అంది. దాంతో మాటలు కలిశాయి.

ఆమె సిటీ బస్సు డ్రైవరు అయింది. విధి చేసిన ఎకసెక్కం ఏమిటంటే, ముప్ఫై ఒక్కేళ్ళు ఆమెకిచ్చింది పద్నాలుగో నంబరు రూటు. అది యూనివర్సిటీ గేటు ముందునుంచే పోతుంది. పుస్తకాలు గుండెలకి అదుముకుని పరిగెత్తుకొచ్చే పిల్లల కోసం టైము దాటినా బస్సు ఆపేది. వెర్డెల్ కూడా రోజూ ఆ బస్సులోనే పనికి వచ్చేవాడు. గేటు దగ్గర తలుపు తెరిచి, అద్దంలోంచి అతన్ని చూసి, "నీ పెళ్ళివారొచ్చారు, దిగు" అనేది. అతను దిగేవాడు. ఆమె తలుపు మూసుకుని పోయేది. వేలమంది పిల్లల్ని ఆ గుమ్మానికి చేర్చిన మనిషి తను మాత్రం మెట్టు దిగలేదు.

క్రితం ఆదివారం భోజనాల దగ్గర అతను ఈ సభ ఆహ్వానపత్రం బల్ల మీద పెట్టాడు. లవీనియా చదివింది. చదివి, పొయ్యిమీది వేడి పెనం తెచ్చి సరిగ్గా దాని మీద పెట్టింది.

"బల్ల కాలకుండా పనికొచ్చింది" అంది.

"అక్కా, శుక్రవారం నా ఆఖరు రోజు కూడా."

"అయితే ఆదివారం నీకు నేను చేసే ఆపిల్ పై రెండు ముక్కలు పెడతాను. అక్కడ నా పేరు ఎత్తావంటే ఒక్క ముక్క కూడా ఉండదు."

"ఎత్తను."

"ప్రమాణం చెయ్యి."

చేశాడు. కానీ ఆమె ఈ హాల్లో ఒక్కసారి కూర్చోవాలి. అతనికి కావలసింది అంతే. రేపటినుంచి ఇక్కడ కుర్చీలు వేసేవాడు వేరే ఉంటాడు. వాడికి ఎన్నంటే అన్నే వెయ్యడం తప్ప ఏం తెలుస్తుంది?

పదకొండు గంటలకి కుర్చీలన్నీ కుదిరాయి. వెర్డెల్ సంచీలోంచి తెల్ల చేతితొడుగుల జత తీశాడు. ఆదివారాలు అతను మౌంట్ నీబో చర్చిలో అషర్. అంటే గుమ్మంలో నిలబడి, వచ్చినవాళ్ళని వాళ్ళ చోటికి తీసుకెళ్ళి కూర్చోబెట్టే మనిషి. తల్లి ఆ పనివాళ్ళకి పెద్దగా ఉండేది. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకోవడం, మాటలు లేకుండా వేళ్ళతో చోటు చూపించడం, ప్రార్థన జరుగుతుంటే పాస్టరు భార్యనైనా గుమ్మంలో ఆపడం, అన్నీ ఆమె దగ్గర ఆరేళ్ళ వయసులో నేర్చుకున్నవే. ఆ చర్చిలో ఇంకో పద్ధతి ఉంది. ఎవరైనా దారిలో ఉన్నారంటే వాళ్ళ చోటులో అషర్ తన తొడుగు పెడతాడు. దాని మీద ఎవరూ కూర్చోరు.

వెర్డెల్ ఎడమచేతి తొడుగుని మొదటి వరసలో, దారి పక్క కుర్చీలో పెట్టాడు. వేళ్ళు గుమ్మం వైపు ఉండేలా సర్దాడు.

"చర్చికీ స్కూలుకీ తేడా తెలీకుండా పోతోంది నీకు" అంది రోచెల్.

"ఇవాళ ఒక్కరోజుకి తెలీకపోతే ఏం?"

మధ్యాహ్నం శాఖాధిపతి డాక్టర్ నదీన్ ఫాల్స్ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, కళ్ళజోడు నెత్తిమీద పెట్టుకుని దానికోసమే వెతుక్కునే రకం. ఒక కాగితం పళ్ళెంలో కేకు ముక్క తెచ్చి అతని చేతిలో పెట్టింది.

"మిస్టర్ వెర్డెల్, మీరు ఇవాళ కూర్చోవాలి. ఆజ్ఞ అనుకోండి."

"గుమ్మం ఎవరు చూస్తారమ్మా?"

"గుమ్మాలు వాటంతటవే నిలబడతాయి." ఆమె ఫొటో వైపు చూసి నిట్టూర్చింది. "రెండు నెలలైంది ఈ అమ్మాయి కోసం వెతుకుతూ. ఆ పదిమందిలో ఒకరు, జడ్జి హోరేస్ బ్యాంక్‌స్టన్ గారు, ఆయనకి కూడా 'పీచ్' అన్న ముద్దుపేరే గుర్తుంది. రికార్డుల్లో పది సంతకాలే ఉన్నాయి. ఆమె బతికుందో లేదో."

వెర్డెల్ కేకు పళ్ళెం పక్కన పెట్టాడు. నోరు తెరిచాడు. పెనం గుర్తొచ్చింది, ప్రమాణం గుర్తొచ్చింది. "దేవుడున్నాడమ్మా" అని మూసుకున్నాడు. తనమీద తనకే అసహ్యం వేసింది.

మూడున్నరనుంచి జనం రావడం మొదలైంది. ముదురు రంగుల బట్టలు, పెద్ద టోపీలు, కర్రలు, చక్రాల కుర్చీలు, వాళ్ళ మధ్యలోంచి దూసుకుపోతున్న విద్యార్థులు. ముసలివాళ్ళు ఒకరి పేరొకరు అరుస్తూ వాటేసుకుంటున్నారు. జడ్జి హోరేస్ బ్యాంక్‌స్టన్ వెండిపిడి కర్రతో వచ్చి మొదటి వరసలో, తొడుగున్న కుర్చీ పక్కన కూర్చున్నాడు. ఎవరో పెద్ద అధికారి భార్య, ముత్యాల దండ ఆమె, ఆ తొడుగుని రెండు వేళ్ళతో ఎత్తి, "ఇది ఎవరో పారేసుకున్నారు" అంటూ కూర్చోబోయింది.

వెర్డెల్ ఎప్పుడు వచ్చాడో తెలీదు, పక్కనే ఉన్నాడు. "పారేసుకోలేదమ్మా. దారిలో ఉన్నారు" అని ఇంకో చోటు చూపించాడు. ఆమె చిన్నబుచ్చుకుని వెళ్ళింది. జడ్జి అతన్ని ఎగాదిగా చూశాడు.

నాలుగయింది. రెండు వందల నలభై నిండాయి. వెర్డెల్ గుమ్మంలో నిలబడి, ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకుని, నడవా చివరిదాకా చూశాడు. ఖాళీగా ఉంది. నాలుగూ అయిదు నిమిషాలకీ ఖాళీగానే ఉంది.

సభ మొదట్లో పెద్దల్ని తలుచుకునే తంతు. తెల్లబట్టలు కట్టుకున్న ముసలావిడ ఒకామె చెంబులో నీళ్ళు పట్టుకుని, ఒక మొక్క మొదట్లో కొంచెం కొంచెం పోస్తూ, పోయినవాళ్ళ పేర్లు పిలుస్తోంది. ఒక్కొక్క పేరుకీ జనం ఒక్క గొంతుతో పలుకుతున్నారు. ఫొటోలోని పదిమందిలో ముగ్గురి పేర్లు కూడా పిలిచింది. అందరి తలలూ వంగాయి. ఇది ప్రార్థన అవునో కాదో వెర్డెల్‌కి ఎప్పుడూ తేలలేదు, కానీ తలలు వంగితే అతనికి అది ప్రార్థనే. అతనూ తల దించాడు.

గడప దగ్గర రెండు బూట్లు కనిపించాయి. ఎవరో ఆలస్యంగా వచ్చారు. అరవై ఏళ్ళ అలవాటు. ముఖం ఎత్తకుండానే అతని కుడి చెయ్యి పైకి లేచింది. తెల్ల తొడుగు, వేళ్ళన్నీ దగ్గరగా, అరచెయ్యి ఎదటి మనిషి వైపు. ఆగు.

బూట్లు ఆగాయి.

నీళ్ళు పడుతున్న చప్పుడు వినిపించింది. ఇంకో పేరు, ఇంకో పలుకు. బూట్లు ఒక్క క్షణం అలాగే ఉండి, వెనక్కి తిరిగాయి. అప్పుడు చూశాడతను. నల్ల తోలు, దళసరి అడుగు. కుడి బూటు బయటి అంచు మాత్రం ఏటవాలుగా అరిగిపోయింది. ముప్ఫై ఒక్కేళ్ళు బ్రేకు తొక్కిన కాలికి ఏ బూటు కొన్నా అలాగే అరుగుతుంది.

తల ఎత్తేసరికి నడవాలో ఆమె వీపు, ఆదివారం పెట్టుకునే ఊదారంగు టోపీ కనిపించాయి. పరిగెత్తడం లేదు. కర్ర లేకుండా, నిటారుగా, మెల్లగా వెళ్ళిపోతోంది.

వెర్డెల్ తన చేతివంక చూశాడు. అది ఇంకా గాలిలోనే ఉంది. అది అతని చెయ్యే. ఏ గుమ్మంలో ఆమెకి ఒక చెయ్యి అడ్డం వచ్చిందో అదే గుమ్మంలో, అదే అడుగు దూరంలో.

అతను గుమ్మం వదిలేశాడు. చర్చిలోగానీ ఇక్కడగానీ, ప్రార్థన మధ్యలో గుమ్మం వదలడం జీవితంలో అదే మొదటిసారి. మోకాలు కేకలు పెట్టింది. మెట్లు రెండేసి దిగాడు. గేటు బయట బస్సు స్టాపు బల్ల మీద ఆమె కూర్చుని ఉంది. సంచీ ఒళ్ళో పెట్టుకుంది. చేతిలో ఆహ్వానపత్రం. దాని మధ్యలో పెనం అడుగంత గోధుమరంగు మచ్చ.

"బస్సెన్నింటికి?" అన్నాడు.

"నాలుగూ ఇరవై రెండుకి. నన్నడుగుతావట్రా ఆ రూటు టైము?"

"అక్కా, నేను చూళ్ళేదు. తల దించుకుని ఉన్నాను."

"నువ్వెప్పుడు ఎత్తావు కనక?" ఆమె రోడ్డు వైపే చూస్తోంది. "అప్పుడూ ఒక చెయ్యి. ఇప్పుడూ ఒక చెయ్యి. యాభై ఏళ్ళలో కాస్త మెరుగే, ఈసారి చేతికి తొడుగుంది."

"ప్రార్థనలో ఎవర్నీ వదలకూడదు. అమ్మ నేర్పిందే కదా."

"అమ్మయితే నన్ను ఆపేదా?"

అతను అబద్ధం చెబుదామనుకున్నాడు. చెప్పలేకపోయాడు. "ఆపేది."

లవీనియా ముక్కుతో చిన్నగా నవ్వింది. "ఆపేది. ముసల్ది నిజంగానే ఆపేది. తన పెళ్ళిలో తన అత్తగారినే ఆపిందట."

అతను బల్ల మీద కూర్చున్నాడు. తొడుగు విప్పి జేబులో పెట్టుకున్నాడు.

"నీకు కుర్చీ వేశాను" అన్నాడు.

"వేసి ఉంటావులే, ఇవాళ్టికి."

"ఇవాళ్టికి కాదు. మొదటిరోజునుంచీ. వాళ్ళు వందంటే నేను నూటొకటి వేశాను. ప్రతిసారీ. నీకొకటి."

ఆమె మొదటిసారి అతనివైపు తిరిగింది. "నలభై ఏడేళ్ళు?"

"ఊ."

"దేనికి? ఈ శాఖ మీటింగులకా?"

"అన్నిటికీ. పట్టాలిచ్చే రోజులకి, పాటకచేరీలకి. ఎప్పుడొస్తావో నాకేం తెలుసు? ఒకసారి పశువుల డాక్టర్ల సభకి కూడా వేశాను."

"పశువుల డాక్టర్ల సభలో నేనేం చేస్తాననుకున్నావురా, వెధవా?"

ఆమె నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. సంచీలోంచి జేబుగుడ్డ తీసి, ముందు అతని ముఖం తుడిచింది, చిన్నప్పుడు చర్చికి వెళ్ళేముందు తుడిచినట్టు గట్టిగా, చెవుల వెనకదాకా. తర్వాత తన కళ్ళు తుడుచుకుంది.

"నువ్వు వాళ్ళ కుర్చీలు మోస్తున్నావని రెండేళ్ళు మాట్లాడలేదు నీతో" అంది. "నావి కూడా మోస్తున్నావని చెప్పి ఏడవచ్చుగా."

పద్నాలుగో నంబరు బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. స్టీరింగు దగ్గరున్న మనిషికి పని నేర్పింది లవీనియాయే.

"మిస్ లవీనియా! ఎక్కుతున్నారా?"

లవీనియా లేచింది. ఆమె బస్సు మెట్టునీ, వెనక గేటునీ ఒకసారి చూసింది.

"తలుపు ఎక్కువసేపు తెరిచి పెట్టొద్దని నేర్పింది మీరే" అంది డ్రైవరు.

"అయితే మూసుకుని పోవే, తల్లీ. నేను తర్వాతది ఎక్కుతా."

గేటు దాటారు. మెట్లు ఎక్కారు. ఇద్దరివీ పాడు మోకాళ్ళే కాబట్టి ఒకరినొకరు పట్టుకుని ఎక్కారు. నడవాలో ఫొటో ముందు ఆమె ఆగింది. తన చెవిని చూసుకుని, "అమ్మ చెవులు ఒక్కరినీ వదల్లేదు" అంది. గడప దగ్గర అతను అలవాటుగా ముందు నడవబోతే మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వు కాదు. ముందు నేను."

అరిగిన బూటు గడప దాటింది.

వేదిక మీద నదీన్ మాట్లాడుతోంది. వెర్డెల్ అక్కకి తొడుగు లేని చెయ్యి ఇచ్చి, మధ్యదారిలోంచి, ఉపన్యాసం నడుస్తుండగానే, నడిపించుకుంటూ వచ్చాడు. తల్లి చూస్తే చంపేసేది. చెప్పులు, కర్రలు, దగ్గులు, అన్నీ ఆగిపోయాయి. నదీన్ మాట మధ్యలో ఆపేసింది. మొదటి వరసలో జడ్జి తల తిప్పి చూశాడు. వెండిపిడి కర్ర నేలమీద ఊని, రెండుసార్లు ప్రయత్నించి లేచాడు.

"పీచ్?"

"హోరేస్. బాగా లావెక్కావు."

హాలంతా గొల్లుమంది. ఆయన మాత్రం నవ్వలేదు. పెదవులు కదిలాయి. "నేను సంతకం పెట్టాను, పీచ్. ఇన్నేళ్ళూ..."

"పెట్టబట్టేగా లోపల ఉన్నావు. అందరం బయటే ఉంటే ఆ పాఠం ఎవరు వినేవారు? నేను తెచ్చిన పిల్లలందరికీ ఎవరు చెప్పేవారు?" ఆమె కుర్చీలోని తొడుగు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "కూర్చో. ఆ అమ్మాయిని మాట్లాడనీ."

నదీన్ వేదిక దిగి వచ్చింది. కళ్ళజోడు నెత్తిమీదే ఉంది. కాగితం, కలం చేతిలో ఉన్నాయి.

"లవీనియా మే గెయిన్స్" అని లవీనియాయే చెప్పింది. "రాసుకో తల్లీ. తప్పు లేకుండా రాయి."

వెర్డెల్ గుమ్మం వైపు తిరిగాడు. చొక్కా వెనకనుంచి ఎవరో లాగారు. అక్క.

"ఎక్కడికి? కూర్చో."

"ఖాళీ లేదక్కా. నిండిపోయాయి."

అప్పుడు వెనకనుంచి కుర్చీల బండి చక్రాలు కిర్రుమన్నాయి. రోచెల్ ఒక కుర్చీ తెచ్చి లవీనియా పక్కన, దారిలోనే వేసింది. వంగి నాలుగు వేళ్ళు మధ్యలో పెట్టి చూసి, ఒక వెంట్రుకవాసి జరిపింది.

"రెండొందల నలభై రెండు" అంది. "ఇప్పటికి తెలిసింది నాకు."

వెర్డెల్ కూర్చున్నాడు. కుర్చీ గట్టిగా ఉంది, వీపు దగ్గర ఒక బద్ద గుచ్చుకుంటోంది. నలభై ఏడేళ్ళుగా జనం ఇవి భరించారంటే పాపం అనిపించింది. తర్వాత ఉపన్యాసాల్లో ఏం చెప్పారో అతనికి సగం తెలియలేదు. అక్క మాత్రం ఒక్క మాట వదలకుండా, సంచీలోంచి ఆ పాత నోటుపుస్తకం తీసి రాసుకుంది. మొదటి పేజీ మీద తేదీ వేసింది.

ఆరుంపావుకి సభ అయిపోయింది. జనం భోజనాల గది వైపు కదిలారు. నదీన్ లవీనియా రెండు చేతులూ పట్టుకుని, సోమవారం తరగతికి వచ్చి పిల్లలతో మాట్లాడతానని మాట తీసుకుంది. వెర్డెల్ నడుముకి ఉన్న తాళాల గుత్తి విప్పి రోచెల్ చేతిలో పెట్టాడు. జేబులోని నూలు తాడు కూడా తీసి, చుట్టి, దాని మీద పెట్టాడు.

"ముడులు విప్పొద్దు" అన్నాడు.

"విప్పితే నువ్వొచ్చి తంతావుగా. పో, పెద్దాయనా. నీ బస్సు పోతుంది."

ఆమె తల తిప్పుకుని కుర్చీలు మడవసాగింది. లవీనియా లేచి, టోపీ సర్దుకుని, ఒళ్ళో ఉన్న తొడుగుని తమ్ముడికివ్వబోయింది. ఇవ్వలేదు. తను లేచిన కుర్చీలో మళ్ళీ పెట్టింది.

"అదెందుకు?" అన్నాడు వెర్డెల్.

"బస్సు నడిపినదాన్ని. ఎప్పుడూ ఇంకొకరెవరో పరిగెత్తుకొస్తూనే ఉంటారు."

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని నడవా చివరిదాకా వెళ్ళారు. ఫొటో దగ్గర ఆగారు, ఏదో అనుకుని నవ్వారు, మలుపు తిరిగారు. అతని పేరున్న నీలం చొక్కా ఆ నడవాలో కనబడటం అదే ఆఖరు.

రోచెల్ వరస తర్వాత వరస మడిచి బండ్లకెత్తింది. హాలు ఖాళీ అయింది. కిటికీల్లోంచి సాయంత్రపు ఎండ నేలమీద పొడుగ్గా పడింది. ఆఖరికి మొదటి వరసలో దారి పక్క కుర్చీ ఒక్కటి మిగిలింది. ఆమె దానిమీద చెయ్యి వేసి, చెయ్యి వెనక్కి తీసుకుంది. బండి తోసుకుంటూ వెళ్ళి దీపాలార్పింది. ఆ కుర్చీలో తెల్ల తొడుగు, వేళ్ళు గుమ్మం వైపు పెట్టుకుని, అలాగే ఉంది.